మన పైసల లెక్క, గుస్సాడికి దొరికిన లెన్సు



పోస్టు పెద్దగా ఉంటది, ఓపికతో చదవండి. నాకు రెండు బాకీలు ఉన్నాయి, రెండూ ఇక్కడే తీర్చుకుంటాను. మొదటిది పైసల లెక్క. 2024లో మా గూడెం దండారిని మనమే మంచిగా తీద్దామని నాతో కలిపి పదకొండు మందిమి తలా 2,000 వేసుకున్నాం. మొత్తం 22,000 నా చేతిలో పెట్టారు. అందులో ఇద్దరివి పత్తి చేనులో కలుపు తీసిన కూలి పైసలు. ఒక తమ్ముడు స్కాలర్‌షిప్ పడిన రోజే పంపాడు. ఒక చెల్లె రాఖీకి అన్న ఇచ్చిన పైసలు ఇచ్చింది. ఎవరు ఎట్లా ఇచ్చారో నాకు తెలుసు కాబట్టే ఇన్ని రోజులు ఈ పోస్టు రాయడానికి మొహం చెల్లలేదు. రెండో బాకీ, "అన్నా, తక్కువలో మంచి సినిమా లెన్సు ఏది?" అని మెసేజ్ పెట్టిన వాళ్ళకు జవాబు. పైసలు ఎక్కడ పోయాయో చెప్తే ఏ లెన్సు కొనాలో కూడా చెప్పినట్టే అవుతది. అందుకే ఒకటే పోస్టు.

ముందు కెమెరా సంగతి. అది మనం కొనలేదు. మా బావ మంచిర్యాల వైపు పెళ్ళి వీడియోలు తీస్తాడు. ఆయన దగ్గర పాత బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా ఒకటి ఉంది, 2013లో వచ్చిన మొదటి మోడల్. చేతిలో పట్టేంత చిన్నది. బ్యాటరీ గంట కూడా సరిగ్గా ఆగదు. అయినా దాంట్లో వచ్చే రంగు, నీడల్లో కనిపించే వివరం పెళ్ళి వీడియోల కెమెరాల్లో రాదు. కొత్తది కొనుక్కున్నాక బావ దాన్ని పక్కన పెట్టాడు. "లెన్సు మీరు తెచ్చుకోండ్రి, కెమెరా నేనిస్త" అన్నాడు. అంటే 22,000 మొత్తం లెన్సుకే. చాలా పైసలు అనిపించింది అప్పుడు.

నేను యూట్యూబ్‌లో వారం రోజులు కూర్చున్నాను. తక్కువలో సినిమా లుక్ కావాలంటే అందరూ ఒకే పేరు చెప్తున్నారు: హీలియోస్ 44-2. సోవియట్ యూనియన్‌లో తయారైన పాత ఫోటో లెన్సు. 58 ఎం.ఎం., ఎఫ్ 2. మనిషి వెనక ఉన్న చెట్ల ఆకులు సుడి తిరిగినట్టు కనిపిస్తాయి, మొకం మాత్రం మెరుస్తది. చూస్తుంటే నాకు గుస్సాడి నెమలి ఈకలే కళ్ళ ముందు తిరిగినయ్. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌ది 5,500కు దొరికింది. మన కెమెరాకు బిగించే అడాప్టర్ 700. మొత్తం 6,200. ఎవరినీ అడగలేదు. హాస్టల్ గదిలో దోస్తు మొకం మీద పెట్టి చూసిన రోజు నేను నిద్రపోలేదు, అంత బాగుంది.

సుడి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడే ఆలోచించి ఉంటే పైసలు మిగిలేవి. ఆలోచించలేదు.

దండారి మొదటి రాత్రి. వేరే గూడెం వాళ్ళు మా గూడేనికి వచ్చారు. డప్పులు, తుడుం, పెప్రె. వాకిట్లో నెగడు, పటేల్ ఇంటి ముందు ఒక బల్బు. నేను కెమెరా స్టాండు మీద పెట్టి చూస్తే తెర మీద గుస్సాడి ఛాతీ నుంచి పైకి మాత్రమే ఉన్నాడు. వెనక్కి జరిగాను. నడుము దాకా వచ్చాడు. ఇంకా జరిగాను. నా వెనక మేకల కొట్టం తగిలింది. ఇగ జరగడానికి జాగా లేదు, గుస్సాడి కాళ్ళు ఇంకా రాలేదు. నాకూ ఆయనకూ మధ్యలో మా గూడెం మొత్తం నిలబడి ఉంది. పిల్లల తలలు, అవ్వల కొంగులు అడ్డం. అప్పుడప్పుడు సందు దొరికితే కళ్ళు, ఈకలు, చేతిలో కోల. ఫోకస్ పెట్టేలోపు ఆయన ఎగిరి పక్కకు పోతున్నాడు.

పొద్దున పటేల్ తాతకు లాప్‌టాప్‌లో చూపించాను. ఈ గూడేల్లో వయసులో ఉన్నప్పుడు ఆయన ఆడిన గుస్సాడి పేరున్నది. ఆయన గోండిలో అన్న మాటను మన కోయ, కొలాం అన్నదమ్ములకు కూడా తెలిసేటట్టు తెలుగులో రాస్తున్నాను.

"మొకం మంచిగనే ఉన్నది. కాళ్ళు ఏవి? గుస్సాడి అంటే కాళ్ళు గద బిడ్డా. మరి ఈడు ఎవరితోని ఆడుతున్నడు? డప్పు కొట్టెటోడు లేడు, వచ్చిన చుట్టాలు లేరు. ఒక్కడే అడవిల తప్పిపోయినట్టున్నడు."

నేను గొప్పగా చూపించిన బ్లర్ గురించే ఆయన మాట్లాడుతున్నాడని నాకు కాసేపటికి అర్థమైంది. వెనక మసకబారింది చెట్లు కాదు, మా ఊరు.

నాకు రోషం వచ్చింది. ఆ రోజే ఆదిలాబాద్ పోయి ఒక స్టుడియోలో పాత 14-42 జూమ్ లెన్సు 4,000 పెట్టి తెచ్చాను. కెమెరా కొంటే ఉచితంగా వచ్చే రకం, కిట్ లెన్సు అంటారు. పగటి పూట అన్నీ వచ్చాయి, కాళ్ళతో సహా. సంబురపడ్డాను. రాత్రి అయ్యేసరికి తెర నల్లగా అయ్యింది. కెమెరాలో ఐఎస్‌ఓ చివరి దాకా పెంచితే బొమ్మ నిండా చీమలు పాకినట్టు గింజలు. ఈ లెన్సు రింగు తిప్పితే లోపల మోటారు తిరుగుతది, మన చేతికి లెక్క దొరకదు. ఒకసారి ఇంత తిప్పితే ఇక్కడ, ఇంకోసారి అంతే తిప్పితే ఇంకెక్కడో ఫోకస్.

ఆ దండారి రోజుల్లోనే, 2024 అక్టోబర్‌లో, మర్లవాయి గుస్సాడి కనకరాజు గారు పోయారు. 2021లో గుస్సాడికి పద్మశ్రీ తెచ్చిన మనిషి. ఆ రాత్రి అందరం ఫోన్లలో ఆయన పాత వీడియోలు వెతుక్కున్నాం, గుర్తుండే ఉంటది. పటేల్ తాత కూడా చూశాడు. చూసి, "నా మోకాళ్ళు కూడా ఇగ లేస్త లేవు. వచ్చే ఏడు నేను టోపీ పెట్టనేమో" అన్నాడు. ఆ ఏడు ఆయన ఆడిన చివరి రాత్రి నా దగ్గర ఉంది. నలభై నిమిషాల చీకటి, చీకట్లో గజ్జెల చప్పుడు. తప్పు కెమెరాది కాదు, లెన్సులదీ కాదు. ఏ పనికి ఏది కావాలో అడగకుండా కొన్న నాదే.

తర్వాత ఏడాది మొత్తం దీని మీదే కూర్చున్నాను. నేర్చుకున్నది మీకు చెప్తాను. ఇది తెలిస్తే నా లాగ పైసలు పోగొట్టుకోరు.

మొదట సెన్సర్ కొలత. లెన్సు మీద రాసిన ఎం.ఎం. సంఖ్యను బట్టి ఎంత వెడల్పు కనిపిస్తదో చెప్పలేం. వెనక ఉన్న సెన్సర్ ఎంత పెద్దదో కూడా తెలియాలి. హీలియోస్ లెన్సు 35 ఎం.ఎం. ఫోటో ఫిల్ముకు చేసింది, ఆ ఫ్రేము వెడల్పు 36 ఎం.ఎం. మన పాకెట్ కెమెరా సెన్సర్ వెడల్పు సుమారు 12.5 ఎం.ఎం., ఎత్తు 7 ఎం.ఎం. అంటే లెన్సు ఇచ్చే బొమ్మలో నడిమి ముక్క మాత్రమే మనకు దొరుకుతది. 58 ఎం.ఎం. లెన్సు మన దాని మీద దాదాపు మూడింతలు, అంటే 170 ఎం.ఎం. దూరపు లెన్సులా పని చేస్తది. సుడి ఎందుకు రాలేదో కూడా ఇదే జవాబు. సుడి బొమ్మ అంచుల్లో వస్తది, మన సెన్సర్‌కు అంచులు అందవు. యూట్యూబ్‌లో వాళ్ళు పెద్ద సెన్సర్ మీద చూపించారు, నేను చిన్న సెన్సర్‌కు కొన్నాను.

దీనికి ఒక లెక్క ఉంది. పదో తరగతి గణితం చాలు. ఎంత దూరంలో నిలబడాలో తెలియాలంటే, మనం చూపించాల్సిన ఎత్తును లెన్సు ఎం.ఎం.తో గుణించి, సెన్సర్ ఎత్తు ఎం.ఎం.తో భాగించాలి. గుస్సాడి మనిషి అయిదున్నర అడుగులు, పైన నెమలి ఈకల టోపీ, ఎగిరినప్పుడు కొంచెం జాగా, అన్నీ కలిపి ఏడున్నర అడుగులు అనుకోండి. ఏడున్నరను 58తో గుణించి 7తో భాగిస్తే 62 అడుగులు. మా గూడెం వాకిలి అంత లేదు. నా వెనక మేకల కొట్టం ఎందుకు తగిలిందో కాగితం మీద ఏడాది ముందే తెలిసి ఉండేది.

ఇప్పుడు అదే లెక్క 12 ఎం.ఎం.తో చేయండి. ఏడున్నరను 12తో గుణించి 7తో భాగిస్తే 13 అడుగులు. పదమూడు అడుగులంటే డప్పు కొట్టేవాళ్ళ పక్కన నిలబడేంత దూరం. ఆడేవాళ్ళకూ మనకూ మధ్యలో ఎవరూ ఉండరు.

మీ దగ్గర వేరే కెమెరా ఉంటే, అదే పదమూడు, పద్నాలుగు అడుగుల దూరానికి ఏ లెన్సు కావాలో చెప్తాను. పానాసోనిక్ జీహెచ్ లాంటి మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాకు 17 ఎం.ఎం. కానన్ 200డీ లాంటి కాస్త పెద్ద సెన్సర్‌కు 24. ఫుల్ ఫ్రేమ్‌కు 35. మన పిల్లలు కానన్ కెమెరా రాగానే ముందు కొనేది 50 ఎం.ఎం. ఎఫ్ 1.8. తక్కువ ధర, మంచి లెన్సే, తప్పు పట్టను. కానీ దానితో గుస్సాడి నిండుగా రావాలంటే 30 అడుగులు కావాలి. ముందు మీ వాకిలి కొలుచుకోండి, తర్వాత కొనండి. అదే కానన్‌కు 24 ఎం.ఎం. ఎఫ్ 2.8 బిళ్ళ లాంటి పలచటి లెన్సు ఉంది. మన పండుగలకు నేనైతే అదే ముందు కొంటా.

రెండోది వెలుతురు. లెన్సు మీద ఎఫ్ అని ఉండే సంఖ్య ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటది. సినిమా లెన్సుల మీద ఎఫ్ బదులు టి అని ఉంటది. ఎఫ్ రంధ్రం లెక్కను బట్టి చెప్పేది. లోపలి గాజులు కొంత వెలుతురు మింగినాక నిజంగా సెన్సర్‌కు చేరేది ఎంతో చెప్పేది టి. అందుకే ఒకే లెన్సు ఎఫ్ 2 అని ఫోటోల వాళ్ళకు, టి 2.2 అని సినిమా వాళ్ళకు అమ్ముతారు. నా జూమ్ లెన్సు వెడల్పు వైపు ఎఫ్ 3.5, దగ్గరికి లాగితే ఎఫ్ 5.6. టి 2.2 లెన్సుతో పోలిస్తే వెడల్పులో రెండున్నర రెట్లు, లాగినప్పుడు ఆరు రెట్లు తక్కువ వెలుతురు. ఆ రాత్రి చీకటి ఇదే. స్టాన్లీ కుబ్రిక్ అనే దర్శకుడు 1975లో వచ్చిన బ్యారీ లిండన్ సినిమాలో కొవ్వొత్తుల వెలుగులోనే సీన్లు తీయడానికి నాసా కోసం చేసిన ఎఫ్ 0.7 జైస్ లెన్సు వాడాడు. మన దగ్గర అది లేదు, రాదు. మన దగ్గర నెగడు ఉంది, బల్బు ఉంది. దాని సంగతి తర్వాత చెప్తా.

మూడోది, అసలు సినిమా లెన్సు అంటే ఏంటి, ఎందుకు అంత ధర? ఫోటో లెన్సు ఒక్క క్షణం కోసం చేసింది. సినిమా లెన్సు కదులుతున్న మనిషిని వెంట పడడానికి చేసింది. ఫోకస్ రింగు చాలా దూరం తిరుగుతది, అందుకే మెల్లగా, కచ్చితంగా మార్చొచ్చు. రింగు మీద అడుగుల గుర్తులు ఉంటాయి, రింగు చుట్టూ పళ్ళు ఉంటాయి, ఫోకస్ తిప్పే చక్రం వాటికి తగిలిస్తారు. అపర్చర్ రింగు టక్ టక్ అనకుండా మెత్తగా తిరుగుతది. ఫోకస్ మారిస్తే బొమ్మ పెద్దదీ చిన్నదీ అయినట్టు ఊగదు. సెట్టులోని లెన్సులన్నీ ఒకే రంగు, ముందు భాగం ఒకే సైజు. ఇందులో మనకు అన్నీ అక్కరలేదు. మనకు అసిస్టెంటు లేడు, పళ్ళ చక్రం లేదు, సెట్టు లేదు. మనకు కావాల్సింది మూడే: చేతితో తిరిగే నిజమైన ఫోకస్ రింగు, మీద అడుగుల గుర్తులు, రాత్రికి సరిపోయే రంధ్రం. మిగతా వాటికి పైసలు పెట్టొద్దు.

నాలుగోది మౌంటు. లెన్సు బిగించే చోటు నుంచి సెన్సర్ దాకా దూరం ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. పాత హీలియోస్‌కు 45.46 ఎం.ఎం., నికాన్‌కు 46.5, కానన్ ఈఎఫ్‌కు 44, మన పాకెట్ కెమెరాకు 19.25. కెమెరా దూరం తక్కువ, లెన్సు దూరం ఎక్కువ అయితే మధ్యలో ఖాళీ గొట్టం లాంటి అడాప్టర్ పెట్టి నడిపించొచ్చు. నికాన్ పాత లెన్సు కానన్‌కు ఎక్కుతది, కానన్‌ది నికాన్‌కు ఎక్కదు. అపర్చర్ రింగు ఉన్న పాత నికాన్ లెన్సులు అందుకే మంచివి. రేపు కెమెరా మారినా లెన్సు మారదు, అడాప్టర్ ఒక్కటి మారుస్తే చాలు. పెద్ద సెన్సర్ ఉన్నవాళ్ళు ఆ దారిలో పోండి, 28, 50 రెండు దొరికితే చాలా సినిమా తీయొచ్చు. మన లాంటి చిన్న సెన్సర్‌కు మాత్రం ఆ దారి లేదు. పాత ఫోటో లెన్సుల్లో తక్కువ ధరకు దొరికే వెడల్పువి 28, 24 మాత్రమే, మనకు కావాల్సింది 12.

అయిదోది అద్దె. హైదరాబాద్ కృష్ణానగర్ వైపు పెద్ద సినిమా లెన్సులు కూడా రోజు అద్దెకు ఇస్తారు. రెండు రోజుల్లో తీసే షార్ట్ ఫిల్మ్ అయితే కొనొద్దు, అద్దెకే పోండి. దండారికి అది కుదరదు. పండుగ రోజుల తరబడి సాగుతది, ఏ రాత్రి ఏం జరుగుతదో చెప్పలేం, హామీగా పెట్టడానికి మన దగ్గర ఏమీ లేదు. లెన్సు మన సంచిలో ఉంటేనే పని.

ఇగ 2025 సంగతి. హీలియోస్‌ను అడాప్టర్‌తో కలిపి 4,700కు అమ్మాను. జూమ్‌ను 3,200కు అమ్మాను. సామ్‌యాంగ్ 12 ఎం.ఎం. టి 2.2 సెకండ్ హ్యాండ్‌ది, మన మౌంటుదే, హైదరాబాద్‌లో ఒకతని దగ్గర 16,000కు దొరికింది. అది సినిమా కోసమే చేసిన చవక రకం. పైన చెప్పిన మూడూ దాంట్లో ఉన్నాయి.

ఈసారి మాత్రం చూసి కొన్నాను. సెకండ్ హ్యాండ్ లెన్సు కొనేటప్పుడు ఇవి చూడండి. ఫోన్ టార్చి ఒక పక్క నుంచి కొట్టి ఇంకో పక్క నుంచి లోపలికి చూడాలి. సాలెగూడు లాంటి సన్నని తీగలు కనిపిస్తే ఫంగస్, వద్దు. మన దిక్కు వానాకాలం తేమకు అది ఇంకా పెరుగుతది. పొగ పట్టినట్టు తెల్లగా ఉంటే బొమ్మ వెలిసిపోయినట్టు వస్తది, అదీ వద్దు. లోపల నాలుగు దుమ్ము రేణువులు ఉంటే భయం లేదు. అపర్చర్ రెక్కల మీద నూనె మెరుస్తుందా చూడాలి. ఫోకస్ రింగు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే బరువుతో తిరగాలి, ఎక్కడా లూజు కావద్దు. చివరికి కెమెరాకు బిగించి దూరంగా ఉన్న బోర్డు మీద పెట్టి అక్షరాలు చదవాలి. పాకెట్ కెమెరా సంచిలో వేసుకుని బస్సులో పోయింది అందుకే. ఆ అమ్మిన అన్న విసుక్కోలేదు, చాయ్ కూడా తాగించాడు.

మొకాలకు, మాటలు చెప్పించడానికి ఇంకో లెన్సు కావాలి కదా. దానికి చవక దారి దొరికింది. సీసీటీవీ కెమెరాలకు వాడే 25 ఎం.ఎం. ఎఫ్ 1.4 లెన్సు, అడాప్టర్‌తో కలిపి 1,900. నవ్వకండి. దాని మౌంటును సి-మౌంటు అంటారు. ఒకప్పుడు బోలెక్స్ లాంటి 16 ఎం.ఎం. ఫిల్ము కెమెరాలకు ఉన్నది అదే. మన సెన్సర్ కూడా దాదాపు ఆ ఫిల్ము సైజే. అందుకే పెద్ద కెమెరాల మీద నల్లటి గుండ్రం వచ్చే ఆ లెన్సు మన దాని మీద సరిపోతది. మూలలు మెత్తగా, కాస్త చీకటిగా ఉంటాయి. మొకం నడుమ ఉంటది కాబట్టి నష్టం లేదు. హైమన్‌డార్ఫ్ దొర 1940లలో మన గూడేలకు వచ్చి ఫోటోలు తీశాడు, ఆదివాసుల బతుకులను 16 ఎం.ఎం. ఫిల్ము మీద కూడా పట్టాడు. అవి లండన్‌లో భద్రంగా ఉన్నాయి. అదే కొలత బొమ్మ ఇప్పుడు మన చేతిలో, మన గూడెంలో ఉండబోతుందని తట్టినప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది.

ఎండలో తీయడానికి ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి, 1,300. అది కళ్ళజోడు లాంటిది. సెకనుకు 24 బొమ్మలు తీసేటప్పుడు షట్టర్ 1/48 దగ్గర ఉంటేనే కదలిక కంటికి సహజంగా ఉంటది. మధ్యాహ్నం ఎండలో అది లేకుంటే బొమ్మ తెల్లగా కాలిపోతది.

పోయిన దండారికి వారం ముందే పటేల్ తాత దగ్గరికి, దేవారి దగ్గరికి పోయి అడిగాను. ఎక్కడ నిలబడొచ్చు, ఎక్కడ నిలబడొద్దు, ఏ పూజ తీయొద్దు, అన్నీ చెప్పారు. చెప్పులు బయట వదిలి రావాలన్నారు. ఆఖరికి తాతనే అడిగిండు, "ఈసారన్న కాళ్ళు వస్తయా?" అని. వస్తాయి తాతా, కానీ బల్బు గుడ్డిగా ఉంది అన్నాను. ఆయన మనవణ్ణి పంపి ఉట్నూరు నుంచి పెద్ద ఎల్‌ఈడీ బల్బు తెప్పించి అరుగు మీద పెట్టించాడు. నిజం చెప్పాలంటే ఆ బల్బు చేసిన మేలు ఏ లెన్సూ చేయలేదు. లెన్సుకు వేలు పెట్టే ముందు వందల్లో వచ్చే వెలుతురు సంగతి చూసుకోండి. అయితే పెద్దమనుషులను అడిగే పెట్టండి. పండుగ మన వీడియో కోసం జరగదు.

రాత్రి పదమూడు అడుగుల దగ్గర, డప్పుల వాళ్ళ పక్కన నిలబడ్డాను. 12 ఎం.ఎం. లెన్సుకు ఇంకో లాభం ఉంది. టి 2.2 పూర్తిగా తెరిచినా, సుమారు 15 అడుగులకు ఫోకస్ పెట్టి వదిలేస్తే ఎనిమిది అడుగుల నుంచి వెనక ఇళ్ళ దాకా దాదాపు అంతా స్పష్టంగా ఉంటది. పోయినసారి హీలియోస్‌తో పదహారు అడుగుల దూరంలో మూరెడు లోతు మాత్రమే స్పష్టంగా వచ్చేది, మనిషి ఒక్క అడుగు వేస్తే పోయేది. ఈసారి ఫోకస్ రింగు ముట్టుకోనే లేదు. గుస్సాడి ముందుకు వచ్చాడు, వెనక్కి పోయాడు, గజ్జెల కాళ్ళు నేల మీద పడడం, దుమ్ము లేవడం, వెనక అవ్వలు నవ్వడం, నిద్రలో పిల్లని భుజాన వేసుకున్న వదిన, అన్నీ ఒకే బొమ్మలో ఉన్నాయి.

బయటి నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్లు కూడా ఇద్దరు ఉన్నారు. పెద్ద తెల్ల లెన్సులు పెట్టుకుని వాకిలి అవతల నుంచి తీసుకున్నారు. వాళ్ళను ఏమీ అనను. వాళ్ళకు ఆ దూరమే మర్యాద. వాళ్ళ బొమ్మల్లో ఈకలు, కళ్ళు, బూడిద ఉంటాయి, నా మొదటి ఏడాది బొమ్మల్లో ఉన్నట్టే. మనం దగ్గర నిలబడొచ్చు, ఎవరూ ఏమనరు. చుట్టం కాబట్టి జరిగి జాగా ఇస్తారు. ఆ జాగాకు సరిపోయే లెన్సు తెచ్చుకోవడమే మన పని. దూరపు లెన్సు కొనుక్కుని మన ఇంట్లో మనమే బయటివాళ్ళలా నిలబడొద్దు.

పటేల్ తాత ఈసారి టోపీ పెట్టలేదు. అన్నట్టే మోకాళ్ళు లేవలేదు. అరుగు మీద కూర్చున్నాడు, మనవడు ఆడాడు. 25 ఎం.ఎం. లెన్సు పెట్టి కొంతసేపు తాతను తీశాను. ఆయన కాళ్ళు నేల మీద మెల్లగా తాళం వేస్తున్నాయి, తనకే తెలియకుండా. మర్నాడు పగలు మనవణ్ణి నిలబెట్టి ఏ అడుగు ఎట్లా వేయాలో, ఏ డప్పు దెబ్బకు తిరగాలో గంటసేపు చెప్పాడు. అది మొత్తం 12తో తీశాను, కాళ్ళతో సహా. ఆయన ఆడిన చివరి రాత్రి మాత్రం నలభై నిమిషాల చీకటిగానే ఉంది. దాన్ని నేను తుడపలేదు. గజ్జెల చప్పుడు బాగుంది.

ఇగ లెక్క. వచ్చినవి 22,000. హీలియోస్, అడాప్టర్ 6,200. జూమ్ 4,000. ఈ రెండూ అమ్మితే తిరిగి వచ్చినవి 7,900. సామ్‌యాంగ్ 12 ఎం.ఎం. 16,000. సీసీటీవీ లెన్సు, అడాప్టర్ 1,900. ఫిల్టర్ 1,300. గాలి ఊదే పంపు, తేమ పీల్చే పొట్లాలు, మూత గట్టిగా పడే డబ్బా కలిపి 350. మిగిలినవి 150. కొనడం, అమ్మడంలో పోయినవి 2,300. అవి నేను ఎవరినీ అడగకుండా కొన్నందుకు పోయినవి, మీరు కట్టాల్సినవి కావు. ఈ సీజన్‌లో పత్తి ఏరిన పైసల్లోంచి ఆ 2,300 వేశాను. ఇప్పుడు మన ఖాతాలో 2,450 ఉన్నాయి. రశీదులు, అమ్మినప్పటి ఫోన్ పే స్క్రీన్ షాట్లు అడిగిన వాళ్ళకు పంపుతాను.

లెన్సులు రెండూ డబ్బాలో ఉన్నాయి. ఇవి నావి కావు, పదకొండు మందివి. పక్క గూడెం వాళ్ళు, కోయ అన్నలు, కొలాం తమ్ముళ్ళు ఎవరు అడిగినా ఇద్దామని నా మాట. మీరేమంటారో కింద రాయండి. పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు ఎవరన్నా తీసుకుపోతామంటే ముందే చెప్పండి. ఒకటే షరతు. డబ్బా తీసుకునే ముందు, మీరు తీయాలనుకున్న జాగాకు పోయి అడుగులు కొలిచి రండి.

జై సేవా.